ఎనిమిది వేళ్లు

శనివారం ఉదయం ఏడున్నరకు పిచ్చమ్మ వసారాలో కూర్చుని వేరుశనగకాయలు ఒలుస్తోంది. లోపలి గదిలోంచి కోడలు రమణి నవ్వు వినిపించింది. నవ్వు వెంట ఏదో ఇంగ్లీషు పాట.

రమణి లాప్‌టాప్ ముందు కూర్చుని వియత్నాం దేశపు చిన్నపిల్లలకు ఇంటర్నెట్‌లో ఇంగ్లీషు నేర్పుతుంది. ఆమెకు వాళ్ల భాష రాదు. అందుకే ప్రతి మాటా చేతులతో, ముఖంతో చేసి చూపించాలి. ఏనుగంటే ముక్కు దగ్గర చెయ్యి ఊపాలి, వానంటే వేళ్లు కిందికి రాల్చాలి. అన్నిటికీ మించి నవ్వుతూ ఉండాలి.

ఎదురింటి రేణుకాదేవి పాలగిన్నెతో వచ్చింది. "నీ కోడలు బలే హుషారుగా ఉండాదే పిచ్చమ్మక్కా. మంచిదేలే, ఎన్నాళ్లని ఏడస్తారు" అంది.

ఓదార్పుగానే అంది. పిచ్చమ్మకు మాత్రం ఆ మాట ముల్లులా దిగింది.

అశ్విత పోయి తొమ్మిది నెలలు. పిచ్చమ్మ కొడుకు, లారీ డ్రైవరు శ్రీకృష్ణకూ రమణికీ ఒక్కగానొక్క కూతురు, ఏడేళ్లది. కార్తీకంలో డెంగీ జ్వరం వచ్చింది. ఆత్మకూరు నుంచి నెల్లూరు తీసుకెళ్లిన మూడో రోజే ఊపిరి ఆగిపోయింది. అప్పటిదాకా రమణి ఊళ్లో ప్రైవేటు బడిలో టీచరు. అశ్విత చదివిందీ అక్కడే. తర్వాత ఆ గేటు లోపలికి ఆమె అడుగు పెట్టలేకపోయింది. ఇంట్లో కూర్చుని చేసే పని వెతుక్కుని ఈ ఆన్‌లైన్ క్లాసుల్లో చేరింది.

క్లాసు అయ్యి రమణి బయటికి రాగానే పిచ్చమ్మ చేట పక్కకు నెట్టింది.

"ఏందే ఆ నవ్వులు? వాడు లారీ దిగి ఇంటికొస్తే ముద్ద మింగలేక పళ్లెం ముందు కూర్చోనుంటాడు. బిడ్డ గౌను కనపడితే నేను పొర్లి ఏడస్తా. నువ్వు ఒక్కనాడన్నా దాని పేరెత్తినావా? ఊరోళ్ల బిడ్డలకు పాటలు పాడేదానికి నీకు నోరెట్టా వచ్చిందే?"

"అత్తా, అది పని..."

"నవ్వేది కూడా ఒక పనా! కన్నతల్లివేనా నువ్వు?"

రమణి వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించింది.

మళ్లీ శనివారం. ఆ నవ్వు మళ్లీ మొదలవగానే పిచ్చమ్మ లేచింది. ఇవాళ ఈ పని మానిపించాల్సిందేనని గది తలుపు తోసింది. రమణి గమనించలేదు. తెర మీద ముందుపళ్లు ఊడిన ఒక చిన్నపిల్ల ఉంది. ఆ రోజు పాఠం కుటుంబం గురించి. తను గీసిన అమ్మ, నాన్న, చెల్లెలి బొమ్మలు చూపించి, ఆ పిల్ల రమణి వైపు వేలు చాపి, నీకూ పాప ఉందా అన్నట్టు ఏదో అడిగింది.

రమణి ఒక్క క్షణం ఆగింది. గుండె మీద చెయ్యి వేసుకుని, ఒక్కో అక్షరం విడదీసి పలికింది.

"అ... శ్వి... త."

పిచ్చమ్మ గడప దగ్గరే నిలిచిపోయింది.

పిల్ల ఇంకేదో అడిగింది. రమణి ఒక చేతివి ఐదు వేళ్లు, రెండో చేతివి మూడు వేళ్లు ఎత్తింది. ఎనిమిది. అశ్వితకు ఎనిమిదేళ్లు నిండాల్సిన రోజు పోయిన నెలలోనే వచ్చి వెళ్లింది. ఆ రోజు ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు.

ఎక్కడుందన్నట్టు పిల్ల అటూ ఇటూ తల తిప్పింది. రమణి రెండు భుజాలకూ సంచి తగిలించుకున్నట్టు చేసి, నవ్వుతూ కిటికీ వైపు చెయ్యి ఊపింది. ఇంగ్లీషు ముక్క రాని పిచ్చమ్మకు అంతా అర్థమైంది.

క్లాసు ముగిసింది. రమణి బల్ల మీద తల వాల్చి, దుపట్టా నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చప్పుడు బయటికి రాకుండా ఏడవడం అలవాటైపోయిన మనిషిలా ఏడ్చింది.

"రమణీ..."

ఉలిక్కిపడి లేచింది. "బడికి పోయిందని అబద్ధం చెప్పినాను అత్తా. చచ్చిపోయిందని ఆ చిన్నబిడ్డకు ఎట్టా చేసి చూపించేది? నాకు ఈ అరగంటే ఉండాది. ఈ అరగంట అది బడిలో ఉంటాది. తర్వాత ఉండదు." "నేను కూడా దాని పేరెత్తి కూలబడితే, మీ ఇద్దరికీ అన్నం ఎవరు పెడతారు?"

పిచ్చమ్మ నేల మీద కూలబడి కోడలిని ఒళ్లోకి లాక్కుంది. తల నిమురుతూ అడిగింది.

"బడికి పోయిందన్నావే, ఎన్నో క్లాసుకే?"

"మూడు. జూన్‌లో బళ్లు తెరిచినారు కదా అత్తా."

"అవునే తల్లీ. మూడుకు వచ్చుంటాది" అని పిచ్చమ్మ భోరుమంది.

ఆ ఇంట్లో తొమ్మిది నెలల తర్వాత, ఇద్దరూ కలిసి ఆ బిడ్డను పేరు పెట్టి పిలుచుకుని ఏడ్చారు.