నీలం మిషన్ కింద రాసిన మాట

మూడో శనివారం కూడా అతను వచ్చాడు. వచ్చాడే గానీ, కొనే సూచనలేవీ కనిపించలేదు.

తిరుత్తణి బస్టాండు వెనక ఏకాంబరం హార్డ్‌వేర్ షాపులో మిషన్ల కౌంటర్ ఆయన కూతురు ఉషాది. బి.కాం చదివిన పిల్లకు స్క్రూలతో ఏం పనని మొదట్లో నవ్వినవాళ్లే ఇప్పుడు ఏది కొనాలన్నా ఆమెనే అడుగుతారు. ఆ నమ్మకమంటే ఆమెకు గర్వం. అందుకే మూడు వారాలుగా అడగడమే తప్ప కొనని ఈ మనిషిని చూస్తే ఒళ్లు మంట.

అతని పేరు రఘు. ఊరు పాండూరు. రేకుల షెడ్లు వేసే జట్టులో పని. అతనికి కావలసింది ఇంపాక్ట్ డ్రైవర్, అంటే స్క్రూలు బిగించే బ్యాటరీ మిషన్. వచ్చినప్పుడల్లా మూడింటిని వరసగా పెట్టించుకుంటాడు. ఎర్రది పెద్దది, బలమైనది, ధరా అలాగే ఉంటుంది. పసుపుది ఎవరూ పేరు వినని కంపెనీది, డబ్బా మీద మాత్రం అన్నిటికన్నా పెద్ద పవర్ నంబరు. నీలంది చిన్నది, చేతికి తేలిక.

షాపుకు వచ్చే అందరితో లాగే అతనితో కూడా మాటలన్నీ తమిళంలోనే.

"ఈ పసుపుది ఎలా ఉంటుంది?" అని అడిగాడు రఘు.

"డబ్బా చాలా బాగుంటుంది. లోపలున్నది యాభై స్క్రూలకే కాలిపోతుంది."

"మీ సరుకును మీరే తిడతారా?"

"తిట్టకుండా అమ్మితే రేపు మీరొచ్చి నన్ను తిడతారు. అయినా, కొంటే గదా తిట్టేది."

అతను నవ్వాడు. ఉషా ముఖం తిప్పుకుంది. వచ్చిన ప్రతివాడినీ నోరారా అన్నా అని పిలిచే పిల్లకు రెండో శనివారం నుంచి ఇతని దగ్గర మాత్రం ఆ మాట రావడం మానేసింది. ఎందుకు రావడం లేదో ఆమె తనను తాను అడగలేదు. అడిగితే జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది మరి.

బయట వాన మొదలైంది. రఘు ఎర్ర మిషన్‌ను కుడిచేత్తో ఎత్తాడు. ఒక్క క్షణమే. ఏదో చదువుతున్నట్టు నటిస్తూ ఎడమచేతికి మార్చుకున్నాడు. మూడు వారాలుగా ఉషా గమనిస్తున్నది ఇదే. నీలం మిషన్ మాత్రం అతని కుడిచేతిలో ఎంతసేపైనా ఉంటుంది. అయినా ధర అడిగేది ఎర్రదానిదే.

వానకు బయటున్న ప్లాస్టిక్ పైపులు తడుస్తున్నాయని ఆమె బయటికి పరుగెత్తింది. తిరిగి వచ్చేసరికి అతను కౌంటర్ మీద తెరిచి ఉన్న ఆమె నోటుపుస్తకం మీదికి వంగి ఉన్నాడు.

ఉషా కంగారుపడలేదు. ఆ పుస్తకంలో ఒక్కో మిషన్‌కు ఒక్కో పేజీ, వాడినవాళ్లు చెప్పిన మంచీ చెడూ అన్నీ అందులో ఉంటాయి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం కాబట్టి తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లో రాస్తుంది. తమిళులు చదివితే అర్థం కాదు, చిత్తూరు నుంచి వచ్చే తెలుగు సేల్స్‌మన్లకు తమిళ అక్షరం తెలియదు. ఆ ధైర్యంతోనే మూయకుండా వదిలేస్తుంది.

"అది మీకు అర్థం కాదు," అంది తమిళంలో.

రఘు తలెత్తలేదు. నీలం మిషన్ పేజీ మీద వేలు పెట్టి, నెమ్మదిగా, తెలుగులో చదివాడు.

"పాండూరాయన. కుడిచెయ్యి నొప్పి. చెప్పడు. ఆయనకు ఇదే సరి. ఎట్ల చెప్పేది?"

ఉషా కూడా తెలుగులోకి మారిపోయింది.

"మీరు మనోళ్లా?"

"మా ఇంట్లో గూడా అంగడి చీటీ ఇట్లనే రాస్తాము."

"కింద లైను చదివినారా?"

"లేదు."

"నిజంగా?"

"నవ్వితే బాగుంటాడు అని రాసిండేది గదా. అది చదవలేదు."

ఆమె పుస్తకం లాక్కుంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కానీ అతని నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"చెయ్యి సంగతి ఎవురికన్నా చెప్పినారా?"

"ఎవురికీ చెప్పలేదు."

"పోయినేడు డ్రిల్లు ఇనుములో ఇరుక్కొని మణికట్టును మెలిపెట్టేసింది. ఈ మిషన్ అయితే లోపల కొట్టి కొట్టి తిప్పుతుంది, చేతిని లాగదు అన్నారు. అందుకని చూస్తా ఉండాను. మా మేస్త్రి వరదన్‌కు తెలిస్తే జట్టులో పెట్టుకోడు. సోమవారం వెంగల్‌లో రైసుమిల్లు షెడ్డు మొదలు. ఇంత చిన్న మిషన్ ఎత్తుకోని పోతే ఏమిటికని అడగతారు."

"రేకు స్క్రూకు ఇది చాలు. ఎర్రది రెండు సెకన్లలో దించేది ఇది నాలుగు సెకన్లలో దించుతుంది. ఆ రెండు సెకన్ల కోసం చెయ్యి పోగొట్టుకుంటారా?"

అతను ఎర్ర మిషన్‌ను పక్కకు జరిపాడు. చివరికి నీలం మిషన్ తీసుకుని గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ఏకాంబరం ముందు పెట్టి, "సార్, బిల్లు వెయ్యండి," అన్నాడు.

ఒక మిషన్ అమ్మి ఉషా ఎన్నడూ అంత భయపడలేదు. నడిమధ్యలో అది మొరాయిస్తే అతని పని పోతుంది, తన మాటా పోతుంది. డబ్బా మీద నంబరు చూసి చెప్పడం తేలిక. ఒక మనిషి చెయ్యి చూసి చెప్పినప్పుడు తప్పయితే దాన్ని మార్చి ఇవ్వడానికి వారంటీ ఉండదు. పది రోజులు ఏ కబురూ లేదు. ఆ పది రోజుల్లో ఆమె ఆలోచించింది మిషన్ గురించి కాదని ఆమెకే తెలిసిపోయింది.

పదకొండో రోజు మధ్యాహ్నం రఘు వచ్చాడు. ఏకాంబరం కళ్లజోడు పైనుంచి చూశాడు. మనిషి తెలుగువాడని కూతురు ముందే చెప్పింది.

"ఏమయ్యా, మిషన్ రిపేరా?"

"మిషన్ బాగుండాది మామా. షెడ్డు ముగించేసినాము. మేస్త్రి మొదట్లో నవ్వినాడు. నిచ్చెన మీద ఒంటిచేత్తో పట్టుకొనేదానికి బాగుందని ఇప్పుడు ఆయనే ఒకటి అడగతా ఉండాడు. చెయ్యి సంగతి గూడా ఆయనకు చెప్పేసినాను."

ఏకాంబరం చేతిలో పెన్ను ఆగిపోయింది. కొన్న రోజు సార్ అన్న మనిషి ఇప్పుడు మామా అంటున్నాడు. ఆ పిలుపు నోటికి ఊరికే రాదు.

"ఏం చెయ్యి సంగతి?"

రఘు ముఖం తుడుచుకున్నాడు. "కుడిచెయ్యి పెద్ద బరువు మొయ్యదు మామా. ఇంక ఇంతే అన్నాడు డాక్టరు. అది తెలిసినంక, ఉషాను ఇచ్చేదీ లేనిదీ మీరు చెప్పల్ల."

కౌంటర్ వెనక ఉషా తలెత్తి అతన్నే చూసింది. మూడు వారాలు తన దగ్గర దాచినదాన్ని ఈరోజు తండ్రి ముందు అంత సూటిగా పెట్టేశాడు. అతనంటే తనకు ఎంత ఇష్టమో ఆ క్షణంలో ఆమెకు పూర్తిగా తెలిసింది.

"నీకు తెలుసునామ్మా?" అన్నాడు తండ్రి.

"చెయ్యి సంగతి తెలుసు నాయినా. రెండోది ఇప్పుడే వింటా ఉండాను."

"రెండోదానికి ఏమంటావు?"

"నాకు సమ్మతమే నాయినా. బాగా చూసే చెప్తా ఉండాను."

ఏకాంబరం ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"మీ ఇంట్లో పెద్దోళ్లు ఎవురుండారయ్యా?"

"మా అమ్మా, మా అవ్వ వజ్రమ్మా."

"ఆదివారం పిల్చుకోని రా. మధ్యాన్నం బోజనం ఇక్కడే."

అని మళ్లీ బిల్లు పుస్తకం మీదికి వంగాడు. చాలాసేపటిదాకా అందులో ఏమీ రాయలేదు.