అరుణశ్రీ ఇవ్వనన్న సిరంజీలు

ఆమదాలవలసలో చేపల బేరం ముగించుకుని, చీపురుపల్లి రైలుకు పది నిమిషాలుందనగా మెడికల్ షాపులో దూరాను. కౌంటర్లో ఉన్న ఫార్మసిస్టు పేరు అరుణశ్రీ అని అప్పటికి తెలియదు. కళ్లు పెద్దవని మాత్రం గమనించాను.

"మా అమ్మకి ఇన్సులిన్ సిరంజీలు, ఎర్ర మూతవి పది ఇయ్యండి."

"మందు సీసా మీద నలభై అనుందా, వంద అనుందా?"

"అదంతా నాకేటి తెలుసండీ? మూడేళ్లుగా ఇవే కొంతన్నాం."

"సూడకుండా ఇవ్వను."

నాకు ఒళ్లు మండింది. "సిరంజీ అమ్మడానికి ఇంత బిల్డప్పేటండీ! రైలు ఎళ్లిపోతాది!"

"రైలు పోతే ఇంకోటి వస్తాది. అమ్మ వస్తాదేటి? ఇంటికి ఫోన్ చేసి సీసా ఫొటో పెట్టమనండి."

చెల్లి చిన్నతల్లి ఫొటో పెట్టింది. సీసా మీద వంద అని ఉంది. పోయిన వారమే విజయనగరం డాక్టరు మందు మార్చారు. సిరంజీ కూడా మారాలని మాకు తట్టలేదు.

"రోజుకెన్ని యూనిట్లు?"

"ఇరవై."

"ఈ మందు చిక్కన. ఎర్ర మూత సిరంజీ నలభై మందుకి. దాంతో దీన్ని ఇరవై గీత దాకా లాగితే యాభై యూనిట్లు ఎక్కేస్తాది. షుగర్ పడిపోయి ప్రాణం మీదకొస్తాది. కొత్త సీసా మొదలెట్టేసారా?"

చెల్లికి ఫోన్ కలిపాను. నా ఫోన్ లాక్కుని తనే చెల్లిని అడిగింది.

"లేదక్కా, పాత సీసా నిన్ననే అయిపోనాది. సిరంజీల కోసమే సూస్తన్నాను," అంది చెల్లి.

రైలు మాట మరిచి స్టూలు లాక్కుని కూర్చున్నాను. రైలు వెళ్లిపోయింది. అరుణశ్రీ ఆరెంజ్ మూత సిరంజీలు తీసి, ఏ గీత దాకా లాగాలో వీడియో కాల్లో చెల్లికి చూపించి, మళ్లీ తనచేత చెప్పించుకుంది. ఆ తొణకని గొంతుకి నేను పడిపోయాను. దాచేదేముంది!

ఆ తర్వాత ప్రతి వారం అక్కడే ప్రత్యక్షమయ్యాను.

"చీపురుపల్లిలో మెడికల్ షాపులే లేవేటి?" అంది నాలుగో వారం, నవ్వు ఆపుకుంటూ.

"ఉన్నాయి. మీరు లేరు కదా!"

బిల్లు రాస్తున్న పెన్ను ఆగింది.

నెల తిరిగేసరికి అమ్మే బయల్దేరింది. వానలో తడుస్తూ షాపులోకి వచ్చి సూటిగా అడిగేసింది.

"నన్ను బతికించినావు తల్లీ. మా గోవింద్‌ని కూడా సూసుకుంటావేటి?"

నేను నేలచూపులు చూశాను. అరుణశ్రీ మాత్రం తలెత్తే చెప్పింది.

"మా నాన్నకి పోయిన వారమే సెప్పేసానత్తా. ఆదివారం మిమ్మల్ని రమ్మన్నాడు. మీ అబ్బాయే ఇంకా నన్నడగలేదు."

షాపు నిండా జనం. అయినా అడిగేశాను.