వంగని గీత

గ్యాస్ సిలిండర్ల ఫ్యాక్టరీలో టెస్టర్ శవం గోడవారగా పడి ఉంది. చేతిలో స్పానర్ అలాగే ఉంది. పక్కనే టెస్ట్ చాంబర్ రెండుగా చీలిపోయింది. సోమవారం ఉదయం 11:20.

గురువారానికల్లా ఫ్యాక్టరీ గేటు పక్కన ఒక బోర్డు వెలిసింది. పోయినవాడి ఫొటో, కింద పెద్ద అక్షరాలు: "అజాగ్రత్త ప్రాణం తీస్తుంది." మేకు కొట్టి తగిలించింది సూపర్‌వైజరే. మనిషి పోయి వారమైనా కాలేదు, సిగ్గుండాలి.

టెస్టర్ భార్య పోలీస్ స్టేషన్‌లో లేడీ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వచ్చింది. ఏడవలేదు.

"ఆయన అజాగ్రత్త మనిషి కాదమ్మా. ఆ బోర్డు చూస్తే ఒళ్లు మండిపోతోంది. చంపినవాడు నాకు కావాలి."

ఇన్‌స్పెక్టర్ ఆమెను వెంటబెట్టుకుని టెస్ట్ గదికి వెళ్లింది. సూపర్‌వైజర్‌నీ, గాలి ఎక్కించే కంప్రెసర్ నడిపే ఆపరేటర్‌నీ పిలిపించింది.

"ఎలా జరిగింది?"

"చాంబర్‌లో గాలి బంధించి, మోటార్‌తో పిస్టన్‌ని లోపలికి నెడతాం మేడమ్," అన్నాడు సూపర్‌వైజర్. "చోటు తగ్గేకొద్దీ ప్రెషర్ పెరుగుతుంది. ఆయన టైముకి మోటార్ ఆపలేదు. అంతే."

"మోటార్ వేగం మారుతుందా?"

"మారదు."

"గాలి ఎక్కించే వాల్వ్ ఎక్కడ?"

"పక్క గదిలో. టెస్ట్ అప్పుడు తాళం వేస్తాం."

"తాళంచెవి?"

"సారు దగ్గర," అన్నాడు ఆపరేటర్. "ఆ పూట నన్ను స్టోర్స్‌కి పంపారు."

సూపర్‌వైజర్ గబగబా రికార్డర్ గ్రాఫ్ తీసి చూపించాడు. "ప్రెషర్ ఎలా ఎగబాకిందో మీరే చూడండి."

గీత స్కేలు పెట్టి గీసినట్టుంది.

ఇన్‌స్పెక్టర్ బ్యాగులోంచి సూది లేని సిరంజి తీసి అతని చేతిలో పెట్టింది. "మూతి వేలితో మూసి నొక్కండి."

మొదట సులువుగా దిగింది. చివర్లో ఎంత నొక్కినా కదల్లేదు.

"చోటు సగమైతే ప్రెషర్ రెట్టింపు. అందులోనూ సగమైతే నాలుగింతలు. పిస్టన్ నెట్టి ఉంటే గీత మెల్లగా లేచి, చివర్లో వంపు తిరిగి పైకి ఎగబాకాలి. ఇది తిన్నగా ఉందేం?"

అతను సిరంజి బల్ల మీద పెట్టేశాడు.

"పిస్టన్ కదలకుండా, గాలి ఒకే లెక్కన ఎక్కితే ఇలా వస్తుంది. అణువులు ఎంత పెరిగితే ప్రెషర్ అంత. ఆయన చేతిలో స్పానర్ ఉందంటే ఇంకా బోల్టులే బిగిస్తున్నాడు, మోటార్ వేయనేలేదు. వాల్వ్ తిప్పింది మీరు."

"నాసిరకం సిలిండర్లు పాస్ చెయ్యనని ఓనర్ ముందు నా పరువు తీశాడు," సూపర్‌వైజర్ పళ్లు కొరికాడు. "అందరూ నవ్వారు. ఊరికే వదలాలా?"

సంకెళ్లు పడ్డాయి.

"ఆగండమ్మా," అంది టెస్టర్ భార్య. "ఆ బోర్డు వీడి చేతులతోనే తీయించండి."

షిఫ్టు మారే వేళ. గేటు దగ్గర పనివాళ్లంతా చూస్తుండగా సూపర్‌వైజర్ బోర్డు తీశాడు. ఆమె అందుకుంది. అతను తలదించుకుని జీపు వైపు తిరిగాడు.

"ఎక్కడికి?" అందామె. "మేకు కూడా పీకు. గోళ్లతో."