ఒకే స్కేలు మీద రెండు కొండలు

"నువ్వు అరెస్టు చేయాల్సిన మనిషి ఫొటో అందులో ఉంది," అన్నాడు చీఫ్, కవరును బల్ల మీదుగా జరుపుతూ.

సీక్రెట్ సర్వీస్‌లో ఆ ఏజెంట్‌ను అందరూ సూది అంటారు. ఏ చిన్న సందు దొరికినా దూరిపోతాడని ఆ పేరు వచ్చింది. సూది కవరు విప్పాడు. చెదిరిన జుట్టు, మందపాటి కళ్లద్దాలు, ఎవరినో కసురుకోబోతున్నట్టున్న నోరు. ఆ నోటి చేత అతను ఊహ తెలిసినప్పటి నుంచీ చివాట్లు తింటూనే ఉన్నాడు.

"ఈవిడ మా అక్క, సార్."

"తెలుసు. అందుకే నిన్ను పంపుతున్నా. నిన్ను చూస్తే పారిపోదు."

"ఏం చేసింది?"

"పిల్లల జ్వరానికి టీకా తయారుచేసిందిగా? అందులో ప్రాణాంతకమైన వైరస్ జీనోమ్, అదే దాని జన్యు పదార్థం, ఉందట. ఫారిన్ కంపెనీలో మనం పెట్టిన ఏజెంట్ నెమలి ఆధారం పట్టుకొచ్చింది. ఇవాళ సేఫ్టీ కమిటీ ముందు చూపిస్తుంది. చైర్‌పర్సన్ బటన్ నొక్కగానే కోల్డ్ రూమ్‌లో ఉన్న టీకా మొత్తం బూడిద. మీ అక్క జైలుకి."

"మరి పిల్లలకి?"

"ఆ ఫారిన్ కంపెనీ టీకా కొంటాం. ఓడ రేవు దాకా వచ్చేసిందట."

"కమిటీ ఇంకా కూర్చోనే లేదు. ఓడ అప్పుడే వచ్చేసిందా సార్?"

చీఫ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ప్రశ్నలు నా పని. అరెస్టు నీ పని."

సూది సెల్యూట్ కొట్టాడు. ఒళ్లు మండినప్పుడు అతని సెల్యూట్ మరీ నిటారుగా ఉంటుంది.

అక్క ల్యాబ్ గుమ్మంలోనే ఎదురైంది. చేతులు తనే ముందుకు చాపింది. బేడీలు వేస్తుంటే తాళం రెండుసార్లు జారింది.

"సరిగ్గా వెయ్యి. ఏ పనీ తిన్నగా చేయవు కదా," అంది.

కారెక్కాక సూది ఆమె ఒళ్లో ఒక కాగితం పెట్టాడు. కవర్లో ఫొటోతో పాటు వచ్చిన గ్రాఫ్ అది. ఒకదాని కింద ఒకటి రెండు పట్టీలు. ఒక్కోదాంట్లో ఒక్కో నల్లటి కొండ, రెండూ ఒకే ఎత్తు.

అక్క దాన్ని చూసింది. ముఖం ఎర్రబడింది.

"అంకెలేవిరా?"

"ఏ అంకెలు?"

"నిలువు గీత పక్కన ఉండాల్సినవి. శాంపిల్లోంచి మెషిన్ చదివిన జన్యువు ముక్కలు ఆ వైరస్ జీనోమ్‌లో ఎక్కడ అతికితే అక్కడ కుప్ప లేస్తుంది. పై పట్టీ ఆ వైరస్ శాంపిల్‌ది, కిందది నా టీకాది. కుప్ప ఎంత పెద్దదో అంకె చూస్తేనే తెలిసేది. ఆ అంకెలు దాచేశారు! ఈ సాఫ్ట్‌వేర్‌ని దాని మానాన వదిలేస్తే ఏ పట్టీలో కుప్పను ఆ పట్టీ నిండేదాకా సాగదీస్తుంది. ఆటోస్కేల్ అంటాం. వేలల్లో ఉన్నా అదే ఎత్తు, రెండో మూడో ఉన్నా అదే ఎత్తు. మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన ప్రతివాళ్లూ ఒకసారి దీన్ని చూసి హడలిపోయి నా దగ్గరికి పరిగెత్తుకొస్తారు."

"గోరంతను కొండంత చేశారన్నమాట."

"ఇప్పుడర్థమైంది నీకు. ఈ తెలివి బళ్లో ఉండుంటే లెక్కల్లో గట్టెక్కేవాడివి."

"కమిటీకి చెబితే?"

"బేడీలు వేసుకున్నదాని మాట ఎవరు వింటార్రా? వాళ్ల కళ్లకి కనపడాలి." గ్రాఫ్ మీద వేలు పెట్టింది. "కమిటీ ఫొటోలు ఒప్పుకోదు. అసలు ఫైలే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూపించాలి, అది వాళ్ల రూలు. తెరిచున్న ఫైలైతే స్కేలు మార్చొచ్చు."

సూది స్టీరింగ్ ఎడమవైపు తిప్పాడు.

"జైలు కుడివైపు కదరా?"

"అవును."

కమిటీ భవనం కింద కారు ఆపి, సూది ఒక బటన్ నొక్కాడు. వెనక చూపించే అద్దం టీవీ తెరగా మారింది. తన కళ్లజోడులోని కెమెరాకు ఎదురుగా ఏముంటే అది అందులో కనబడుతుంది. అక్క చెవికి చిన్న ట్రాన్స్‌మీటర్ తగిలించి, దాని జతది తన చెవిలో పెట్టుకున్నాడు. తను గుబురు మీసం అంటించుకుని, టూల్ బాక్స్ పట్టుకుని, ప్రొజెక్టర్ మెకానిక్‌గా మెట్లెక్కాడు.

పై వరండాలో నెమలి నిలబడి ఉంది. నీలం సిల్కు గౌను, మెడలో ముత్యాలు. గార్డులు గుమ్మం వైపు చూడటం మానేసి ఆమె వైపే చూస్తున్నారు. ఫోన్‌లో మెల్లగా అంటోంది: "పెట్టెకు తాళం పడబోతోంది. ఓడను లంగరు వెయ్యమను."

డిపార్ట్‌మెంట్ కోడ్ పుస్తకం సూదికి కంఠతా వచ్చు. ఆ వాక్యం అందులో లేదు. అంటే ఆమె రెండు చేతులా జీతం తీసుకుంటోంది! సూదికి రక్తం మరిగింది. అయినా తల వంచుకుని నడిచి, కావాలనే ఆమెను ఢీకొట్టాడు. హ్యాండ్‌బ్యాగ్ కింద పడి వస్తువులన్నీ దొర్లాయి.

"కళ్లు కనపడవా?"

"తప్పైపోయిందమ్మగారూ," అంటూ అన్నీ ఏరి ఇచ్చాడు.

హాల్లో దీపాలు తగ్గాయి. తెర మీద ఆ రెండు కొండలూ లేచి నిలబడ్డాయి. ల్యాప్‌టాప్ పక్కన నిలబడి నెమలి తీయని గొంతుతో చెప్పింది: "పైన మహమ్మారి. కింద టీకా. తేడా ఉందా, మీరే చెప్పండి."

చైర్‌పర్సన్ తల నెరిసిన డాక్టరమ్మ. నిట్టూర్చి ఎర్ర బటన్ మీద మూత తెరిచింది.

సూది జేబులోంచి పెన్ను తీశాడు. గదిలో ఉన్న ఏ కంప్యూటర్ బాణం గుర్తునైనా తన చెప్పుచేతల్లోకి తెచ్చుకునే పెన్ను అది.

"ఎడమవైపు పట్టీ పేరుంది కదా, దాని మీద రైట్ క్లిక్," అంది అక్క అతని చెవిలో.

సూది టీకా పట్టీ మీద నొక్కి, ఆటోస్కేల్ అన్నచోట మళ్లీ నొక్కాడు. కొండ అంగుళం కూడా కదల్లేదు.

"ఒక్కదాన్నే పట్టుకుంటే ఏం లాభంరా దద్దమ్మా! రెండు పేర్లూ కలిపి పట్టుకో. తర్వాత గ్రూప్ ఆటోస్కేల్!"

తాను ముట్టుకోకుండానే బాణం కదలడం నెమలి చూసింది. మరుక్షణం సూది పక్కనే ఉంది. అతని డొక్కలో లిప్‌స్టిక్ గొట్టం గుచ్చుకుంది.

"ఇందులో ఒక బుల్లెట్ ఉంది. పెన్ను కింద పడెయ్."

చైర్‌పర్సన్ వేలు బటన్‌ను తాకింది.

"కాల్చు," అన్నాడు సూది. రెండు పేర్లూ కలిపి పట్టి గ్రూప్ ఆటోస్కేల్ నొక్కాడు.

టిక్ మని చప్పుడైంది. అతని చొక్కాకి ఎర్రటి రంగు అంటింది, అంతే.

"అది నిజం లిప్‌స్టిక్ అమ్మగారూ. వరండాలో మార్చాను. డిపార్ట్‌మెంట్ మీకిచ్చిన తుపాకీ నా టూల్ బాక్స్‌లో భద్రంగా ఉంది."

తెర మీద పై కొండ అలాగే ఉంది. కింద కొండ మాయమైంది. అక్కడ సన్నని గీత మాత్రమే మిగిలింది.

"ఆగండి!" చైర్‌పర్సన్ వేలు వెనక్కి తీసుకుంది. "ఆ కొండ ఏమైంది?"

సూది మీసం పీకేశాడు. "ఎప్పుడూ లేదు మేడమ్. సీక్రెట్ సర్వీస్. ఈమె దాచిన అంకెలు ఇప్పుడు చూపిస్తాను."

ఇంకో క్లిక్. నిలువు గీత పక్కన అంకెలు వెలిశాయి. పైన తొమ్మిది వేలు. టీకా పట్టీలో మూడంటే మూడు.

"మెషిన్‌లో ముందు శాంపిల్ తాలూకు ముక్కలు రెండో మూడో మిగిలిపోతుంటాయని చెప్పు," అంది అక్క. సూది పొల్లుపోకుండా చెప్పాడు.

డాక్టరమ్మ ఎర్ర బటన్ మీద మూత గట్టిగా వేసింది. నెమలి తలుపు వైపు పరుగెత్తింది కానీ, అప్పటిదాకా ఆమెనే చూస్తున్న గార్డులు ఈసారి పనికొచ్చారు.

కింద కారులో సూది బేడీలు తీశాడు. అక్క మణికట్లు రుద్దుకుంటూ అతని చొక్కా చూసి హడలిపోయింది.

"రక్తమా?"

"లిప్‌స్టిక్."

"మరదలికి ఏం చెప్తావో చెప్పుకో," అంది. అప్పుడు మాత్రం భోరుమని ఏడ్చింది.

సాయంత్రం చీఫ్ సూదిని తన గదికి పిలిపించాడు.

"టీకా దక్కింది, సంతోషం. కానీ నా ఆర్డర్ కాలరాశావు. రిపోర్టులో నీ తప్పు రాయక తప్పదు."

"రాయండి సార్. దాని కిందే, నెమలిని నమ్మిన మీ తప్పు కూడా రాయండి," అన్నాడు సూది, ఎప్పటికన్నా నిటారుగా సెల్యూట్ కొట్టి. "రెండూ ఒకే స్కేలు మీద పెడితే నాది కనపడదు."