అద్దం విప్పిన లారీ

కప్పగల్లు దాటి రూపనగుడి వైపు పోతుంటే కాలువ గట్టు పక్కన ఒక మలుపు వస్తుంది. చీకటి పడ్డాక ఆ మలుపులో ఏ లారీ డ్రైవరూ ఎడమవైపు అద్దంలోకి చూడడు. చూస్తే... తడి చీరతో ఒక ఆడమనిషి బండి వెనకే నడిచి వస్తూ కనబడుతుందట. చూసినవాడు ఇల్లు చేరడట.

అందుకని మలుపు ముందే బండి ఆపి ఎడమ అద్దాన్ని లోపలికి మడిచేస్తారు. దాటాక తెరుస్తారు. పిలిస్తే పలకరు, తడితే ఆపరు. పెద్ద చదువులు చదివిన ఓనర్లు కూడా "మడిచి పోండప్పా, మనకెందుకు" అంటారు. నాకైతే నవ్వొచ్చేది.

తిప్పేశ్ చెప్పింది విన్నాక ఆ నవ్వు రావడం లేదు. అతను సుబ్బరామిగారి వడ్ల లారీ నడిపేవాడు.

ఆ సాయంత్రం చెట్టు కొమ్మ కొట్టుకుని ఎడమ అద్దం డొప్ప పగిలింది. కీలు బిగుసుకుపోయి మడత పడనంది. తిప్పేశ్ కప్పగల్లులో మెకానిక్ రుద్రేశ్ షెడ్డు దగ్గర ఆపాడు.

"డొప్ప విప్పి, కీలుకు గ్రీజు పెట్టి బిగిస్తా. కూసోప్పా," అన్నాడు రుద్రేశ్.

"అంతసేపు యాడ? చీకటి పడతాండాది. అద్దంతో సహా పీకి క్యాబిన్‌లో పడెయ్యి. మలుపు దాటినంక నేనే బిగించుకుంటా."

"ఎనకాల ఎవరొస్తాండారో ఎట్ల తెలుస్తాదప్పా?"

"తెలవకూడదనే గదా!"

రుద్రేశ్ పడీ పడీ నవ్వాడు. "నిన్ను చూస్తే దెయ్యమే కాలవలో దూకుతాది" అంటూ డొప్ప విప్పి సీటు మీద పెట్టాడు. గుమ్మంలో నిలబడి అతని భార్య హులిగెమ్మ కూడా నవ్విందట.

మలుపు చేరేసరికి చిమ్మచీకటి. తిప్పేశ్ కిటికీలు మూసేసి గట్టిగా దేవుడి పాట అందుకున్నాడు. లోడు బండి మెల్లగా తిరుగుతోంది.

అప్పుడు—

ఎడమవైపు ఎవరో తట్టారు.

టక్... టక్...

తర్వాత సన్నగా ఒక గొంతు. "ఆపప్పా... ఆపు..."

అద్దం లేదని దెయ్యం ఏకంగా బండే ఎక్కుతోందనుకున్నాడు తిప్పేశ్. తట్టుడు తలుపు దాకా వచ్చింది. దాన్ని దులిపేద్దామని స్టీరింగ్ ఒక్కసారి ఎడమకు లాగి, మళ్ళీ కుడికి తిప్పాడు. ఏదో తగిలింది. గట్టు రాళ్ళ మీద దొర్లిన చప్పుడు... తర్వాత ఏమీ లేదు.

పీడ విరగడైంది అనుకున్నాడు.

మలుపు దాటి బండి ఆపాడు. టార్చి నోట్లో కరుచుకుని డొప్పని ఎత్తి ఆనించాడు. బిగిద్దామంటే బోల్టులు లేవు. సీటు కింద వెతికాడు, సంచి దులిపాడు. రుద్రేశ్ నవ్వుతూ నవ్వుతూ బోల్టులివ్వడం మరిచిపోయాడు.

తిట్టడానికి ఫోన్ చేశాడు.

చెవిలో రింగవుతోంది... వెనక మలుపులోంచి ఏదో పాట వినబడుతోంది. కట్ చేశాడు. పాట ఆగింది.

మళ్ళీ చేశాడు. మళ్ళీ మోగింది... మోగి మోగి ఆగింది. ఈసారి అతను కట్ చేయలేదు. అవతల ఎవరో ఎత్తారు.

"తిప్పేశప్పా... ఈడే ఉండా... కాలు కదల్లేదు... రాప్పా..."

అంతలో అవతలి ఫోన్ ఆరిపోయింది.

తిప్పేశ్ డొప్పని క్యాబిన్‌లోకి విసిరి, బండెక్కి వెళ్ళిపోయాడు. ఎవరికీ చెప్పలేదు. హులిగెమ్మ రాత్రంతా ఫోన్ చేస్తే తిప్పేశ్ ఎత్తలేదు. ఆమె వీధిలో తలుపు తలుపూ కొట్టింది. ఆ మలుపుకా, తెల్లారనీమ్మా, అన్నారు. తను బయల్దేరితే చేతులు పట్టుకుని కూర్చోబెట్టారు.

తెల్లారాక రాళ్ళ మధ్య రుద్రేశ్ దొరికాడు. చొక్కా జేబులో నాలుగు బోల్టులు. పక్కనే బైకు. ఊళ్ళో బండ్లన్నీ బాగుచేసేవాడు తన బైకుకు లైటు వేసుకోలేదు. నెత్తురు పోయి పోయి తెల్లవారుజామున ప్రాణం పోయిందన్నాడు డాక్టరు.

ఇదంతా తిప్పేశ్ టీ తాగుతూ చెప్పాడు. చెంప పగలగొట్టాలనిపించింది. ఆపుకుని అడిగాను. "ఫోన్లో దెయ్యమే మాట్లాడిందనుకున్నావా?"

"లేదప్పా. రుద్రేశ్ గొంతే అది."

"మరి?"

తిప్పేశ్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"ఆ మలుపులోకి... చీకట్లో... నడుచుకుంటా పోవాల గదప్పా!"