ప్లగ్ పీకిన రిందలా

"ప్లగ్ ఎవరు పీకారు?" అని అడిగాడు వదీ.

"నేనే," అంది అతనితో పనిచేసే రిందలా. తీగ ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

బీరుట్ బ్లడ్ బ్యాంకులో దాతల, రక్తపు సంచుల వివరాలుండే డేటాబేస్‌కు కొత్త సర్వర్ కొనాలి. ఏది కొనాలో తేల్చి వదీ గురువారంలోగా సంతకం పెట్టాలి. పరీక్షకు రెండు మెషీన్లు వచ్చాయి. వేగమైన దాని మీద వదీ మనసు పడింది. దాని మీదే మూడు గంటల నుంచి పరీక్ష నడుపుతున్నాడు.

"నా మీద కోపముంటే నన్ను తిట్టు. మెషీన్ ఏం చేసింది?"

"వదీ మాస్టారూ, ఈ ఊళ్లో పుట్టి కరెంటు పోకుండా పరీక్ష పెడతావా? సర్కారు కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు ఏమవుతుందో చూడొద్దూ?"

"యూపీఎస్ ఉందిగా."

"పోయిన నెల అది ఎన్నిసార్లు చేతులెత్తేసింది?"

వదీ ప్లగ్ మళ్లీ పెట్టాడు. మెషీన్ మళ్లీ లేచింది. ప్లగ్ పీకేలోపు వంద రక్తపు సంచుల వివరాలు రాశానని చెప్పిన మెషీన్‌లో తొంభై మూడే ఉన్నాయి. రాయకుండానే రాశానని చెప్పింది దాని డిస్కు. రెండో మెషీన్‌కూ ప్లగ్ పీకారు. అది నెమ్మది. కానీ వందకు వందా ఉన్నాయి.

వదీ ఆ ఏడు ఖాళీలనే చూస్తూ కూర్చున్నాడు. సంచి గ్రూపు వివరం గల్లంతైతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

మర్నాడు అతను జాతర్ ఆకుల పొడి చల్లి కాల్చిన రొట్టెలు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. పక్కన కొనుగోలు ఫారం.

"రెండోదే తీసుకుంటున్నా. లినక్స్‌తో."

"విండోస్ పెట్టు. నీకు వచ్చింది అదే."

"మన డేటాబేస్ లినక్స్ మీదే కుదురుగా నడుస్తుందని ఏడాదిగా పోరింది నువ్వేగా."

"అప్పుడు నేనుంటాననుకున్నా. నెలాఖరుకు ఉద్యోగానికి దుబాయ్ పోతున్నా. రేపు అది మొరాయిస్తే ఎవర్ని పిలుస్తావ్?"

"అందుకే అడుగుతున్నా. ఉండిపో."

"బ్లడ్ బ్యాంకు కోసమా?"

"ఆ ఏడు సంచులకీ బ్యాంకు నీకు రుణపడింది. ఉండమంటున్నది మాత్రం నేను."

రిందలా రొట్టె సగం తుంచి అతనికిచ్చింది. చేతులు తుడుచుకుని ఫారం దగ్గరికి లాక్కుంది. సర్వర్ చూసుకునేవారు అన్న గడిలో తన పేరు రాసింది. దాని కింద అతని పేరు కూడా రాసింది.

"నాకు లినక్స్ రాదుగా."

"ఆదివారాలు మా ఇంటికి రా, నేర్పుతా. అమ్మకు నేను చెప్పుకుంటాలే."

వదీ సంతకం పెట్టాడు.