చప్పట్లు మోగని గది

మెట్లు దిగి తలుపు తోస్తే చాలు, పగలు గుమ్మం బయటే ఆగిపోయేది. పైన వీధిలో ఎండ కళ్లు పొడుస్తున్నా, సెల్లార్‌లో ఉన్న ఆ చిన్న లౌంజ్‌లో మాత్రం ఎప్పుడూ పొద్దుగూకినట్టే ఉండేది. కిటికీలు లేవు. చెయ్యెత్తితే తగిలేంత పొట్టి కప్పు. ఒక పక్క బార్ కౌంటరు, ఆ చివర నలుగురు నిలబడితే నిండిపోయే వేదిక, మధ్యలో బల్లలూ కుర్చీలూ. ముందురోజు ఒలికిన బీరు, పిండేసిన నిమ్మచెక్కలు, నానిన చెక్క... ఈ వాసనలన్నీ కలిసి గోడలకి పట్టేసి ఉండేవి.

ఆ లౌంజ్ నడిపేది ఒక అన్న. అందులో పాడేది అతని చెల్లెలు. చిన్నప్పుడు నోరు మూయకుండా పాడుతూ తిరుగుతుంటే అతనే ఆమెకి పిట్ట అని పేరు పెట్టాడు. పెరిగి పెద్దదైనా ఆ పేరు వదల్లేదు.

పక్క వీధిలో ఒక పాత భవనం పై అంతస్తులో వాళ్ల ఇల్లు. ఆ భవనం మెట్లదారి సంగతి ముందే చెప్పాలి. కింద చిటికె వేస్తే పైదాకా గింగురుమనేది. పిట్ట సాధన అంతా ఆ మెట్ల మీదే సాగింది. వాళ్లమ్మకి కాలింగ్ బెల్లుతో పనే లేదు. అడుగుల చప్పుడు విని ఎంతమంది ఎక్కుతున్నారో చెప్పేసేది. సరిగ్గా అన్నే కంచాలు బల్ల మీద పెట్టి, తలుపు తీసి, నవ్వుతూ పక్కకి జరిగి నిలబడేది. ఆ మహాతల్లి చెవి ఏనాడూ లెక్క తప్పింది లేదు.

ఇప్పుడా పిట్ట గొంతులో గడ్డ. సోమవారం ఆపరేషన్. "మాట వస్తుందమ్మా. పాట సంగతి మాత్రం నన్నడక్కు" అనేశాడు డాక్టరు. శనివారం సాయంత్రం ఆమె ఆఖరి పాట. మనం చెప్పుకునేది ఆ శనివారం మధ్యాహ్నం సంగతి.

పిట్ట కోరిక ఒకటే. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నిండిన గదిలో పాడాలి. తన గొంతు చివరి బల్ల దాకా చేరాలి. ఆ లౌంజ్ ఎన్నడూ నిండలేదు మరి. వచ్చినవాళ్లు తాగేవాళ్లు, తమలో తాము మాట్లాడుకునేవాళ్లు, లేచి వెళ్లిపోయేవాళ్లు. పాత స్పీకర్లు బొంగురుపోయి, వెనక కూర్చున్నవాళ్లకి ఆమె పాడుతోందో అరుస్తోందో కూడా తెలిసేది కాదు. ఖాళీ కుర్చీలకి పాడి పాడి ఆమెకొక అలవాటైంది. మైకు ముందు నిలబడి, కళ్లు మూసుకుని, దణ్ణం పెట్టుకుంటున్నట్టు మెల్లిగా అనుకునేది.

"రండి... ఎవరైనా సరే. వచ్చి కూర్చోండి."

దేవుణ్ణి అడిగేటప్పుడు దేవుడా అని పిలిచి అడగాలి. పాపం ఆ పిల్లకి అది తోచలేదు. ఎవరైనా సరే అంది. రోజూ అంది.

*

సౌండాయన స్పీకర్లు అమ్ముతాడు, తనే వచ్చి బిగిస్తాడు. వ్యాన్ నిండా సరుకు వేసుకొచ్చాడు. నోరు ఊరుకోదు.

"సార్, చిన్న బారుకి పెద్ద డబ్బాలు పెట్టారనుకోండి, ముందు కూర్చున్నాయనకి చెవులు పోతాయి, వెనక కూర్చున్నాయనకి పాట పోతుంది. నేనొచ్చాగా, ఇంక మర్చిపోండి. మా ఆవిడ వంటింట్లోంచి కేకేస్తే వీధి చివర నా చెవిలో పడుతుంది. అలాంటి సౌండు పెడతా మీకు."

"అయితే ఆవిణ్ణే తీసుకురావాల్సింది" అంది పిట్ట, జీరగొంతుతో.

"అమ్మో! ఆవిడకి ఆఫ్ బటన్ లేదమ్మా."

ముగ్గురూ నవ్వారు. అన్నకి ఆ నవ్వుతో కాస్త ఊపిరాడింది. సాయంత్రానికి తెలిసినవాళ్లందరినీ పిలిచాడు. కాళ్లా వేళ్లా పడి పిలిచాడు. వాళ్లు రావాలి, పిట్ట గొంతు వాళ్లందరికీ వినపడాలి. అంతే. ఆ తర్వాత లౌంజ్ ఏమైపోయినా అతనికి దిగుల్లేదు.

సౌండాయన గది మధ్యలోకి వెళ్లి, చేతులు దులుపుకుని, గట్టిగా ఒక్క చప్పట కొట్టాడు.

టప్.

అంతే. పరుపు మీద కొట్టినట్టు.

ఆయన మొహం చిట్లించి ఇంకోటి కొట్టాడు. టప్.

"విచిత్రంగా ఉందే..." అన్నాడు. "ఖాళీ గది మోగాలి సార్. గోడలు తిరిగి కొట్టాలి. మనుషులుంటేనే మోగదు. ఒంటికీ బట్టలకీ చప్పుడు ఇంకిపోతుంది. అందుకే ఖాళీ గదిలో పెట్టిన సౌండు, జనం వచ్చాక కాస్త పెంచుకోమంటాం." మళ్లీ నవ్వాడు. "ఈ గది హౌస్‌ఫుల్ లాగుంది సార్. బల్లల కింద ఎవరినైనా దాచారా ఏంటి?"

వేదిక తెరలు చప్పుడు మింగుతున్నాయేమోనని వాటిని ఊడదీశారు. కుర్చీల్లో దిండ్లు మింగుతున్నాయేమోనని వాటిని మోసుకెళ్లి మెట్ల మీద పడేశారు. మళ్లీ చప్పట. టప్. సౌండాయన నడుచుకుంటూ తలుపు దగ్గరికి వెళ్లి అక్కడ కొట్టాడు. ఠంగుమని మోగింది. ఒక్కడుగు లోపలికి వేసి కొట్టాడు. టప్.

"గోడలు చెమ్మగిల్లాయేమో" అన్నాడు. అలా అన్నప్పుడు ఆయన గోడల వైపు చూడలేదు. కుర్చీల వైపు చూశాడు.

*

ముందు పెద్ద డబ్బాలు పెట్టారు. పిట్ట కళ్లు మూసుకుని, ఎప్పటిలా రండి అన్నట్టు పెదాలు కదిపి, పాట ఎత్తుకుంది. వేదిక ముందు గుండెలదిరేంత సౌండు. మూడో వరస బల్లల దగ్గర ఏమీ లేదు. సన్నగా పొడుగ్గా ఉండే స్పీకర్లు మార్చారు. సౌండాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని బల్లల మధ్య నడుస్తూ, "ఉంది... ఉంది... ఉంది..." అంటూ వచ్చి, చటుక్కున ఆగాడు. "లేదు."

ఈసారి రెండో వరస దగ్గరే.

ఆయన తలుపు దగ్గరికి వెళ్లి చప్పట కొట్టాడు. టప్.

"సార్... ఇందాక ఇక్కడ మోగింది కదా?"

అన్న నుదురు తుడుచుకున్నాడు. అతనికి ఉక్కపోస్తోంది. ఏసీ తిరుగుతూనే ఉంది. అయినా గదిలో వేడి... ఊపిర్ల వేడి. పెళ్లిపందిట్లో జనం మధ్య ఇరుక్కుంటే తగిలే వేడి లాంటిది. బీరు వాసన ఎటు పోయిందో పోయింది. దాని బదులు ఏళ్ల తరబడి పెట్టెలో మడిచిపెట్టిన బట్టలు ఒక్కసారిగా విప్పినట్టు... ఆ వాసన.

"చిన్నవి పెడదాం సార్" అన్నాడు సౌండాయన. గొంతులో ఇందాకటి హుషారు లేదు. "ఒక్కో బల్ల మీద ఒక్కోటి. దూరం అన్నదే లేకుండా. ఇది కూడా పని చెయ్యకపోతే... నేనీ వ్యాపారం మానేస్తా."

గబగబా బిగించాడు. మైకు ఆన్ చేసి, హెడ్‌ఫోన్స్ తలకి పెట్టుకుని, సౌండు పెంచి తగ్గించే మిక్సర్ మీద వంగాడు. పిట్ట ఇంకా పాట మొదలుపెట్టలేదు. గదిలో చీమ చిటుక్కుమన్నా వినిపించేలా ఉంది.

సౌండాయన కదలకుండా ఉండిపోయాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. హెడ్‌ఫోన్స్ తీసి అన్న చేతిలో పెట్టాడు.

అన్న పెట్టుకున్నాడు.

ముందు సముద్రం దూరంగా ఉన్నట్టు ఒక హోరు. తర్వాత ఒక కుర్చీ కిర్రుమంది. బట్టలు సర్దుకున్న చప్పుడు. ఎవరో పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. ఎక్కడో ఒక చిన్నపిల్ల ఏదో అడగబోయింది, పక్కనున్నవాళ్లు "ష్..." అన్నారు. పాట మొదలయ్యే ముందు, ఒక నిండు సభ ఊపిరి బిగబట్టి ఎలా ఉంటుందో... అలా ఉంది.

హెడ్‌ఫోన్స్ తీశాడు. నిశ్శబ్దం. కుర్చీలన్నీ ఖాళీ.

అన్నీ వేదిక వైపే తిరిగి ఉన్నాయి. పొద్దున తనే వాటిని బల్లల మీద బోర్లించాడు. దించినట్టు అతనికి గుర్తులేదు.

"డబ్బాలు మీ దగ్గరే ఉంచుకోండి సార్" అని గుసగుసలాడాడు సౌండాయన, సంచీ కూడా తీసుకోకుండా వెనక్కి నడుస్తూ. "నేను... పగలొచ్చి తీసుకెళ్తా."

"ఇప్పుడు పగలే కదండీ!"

ఆయన అప్పటికే మెట్ల మీద ఉన్నాడు.

*

"పిట్టా, దిగు. వెళ్లిపోదాం."

ఆమె దిగలేదు. అన్న ఆమె మొహం చూశాడు. ఆ మొహంలో భయం లేదు. చిన్నప్పుడు బహుమతి తీసుకోవడానికి వేదికెక్కినప్పుడు ఎలా వెలిగిందో, అలా వెలుగుతోంది.

"నిండిపోయింది అన్నయ్యా" అంది మెల్లిగా. "నీకు తెలియట్లేదా?"

"ఎవరే వాళ్లు? ఎవరో తెలుసా నీకు?"

"వింటున్నారు. ఇంకేం కావాలి?" ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "సోమవారం తర్వాత నాకేముంది చెప్పు. ఒక్క పాట. నువ్వు సౌండు చూసుకో. వెనకదాకా వెళ్లాలి. నీకు దణ్ణం పెడతా అన్నయ్యా."

మీరైతే ఏం చేసేవాళ్లో నాకు తెలీదు. అతను మిక్సర్ దగ్గరికి వెళ్లాడు.

పిట్ట పాడింది. అంత బాగా ఎప్పుడూ పాడలేదు. గడ్డ లేనట్టే పాడింది. మొదటి చరణం గది నడిమికి చేరకముందే పల్చబడింది. అన్న సౌండు పెంచాడు. పాట ఇంకా సన్నబడింది. ఇంకా పెంచాడు. మిక్సర్ మీద పచ్చ దీపాలు ఎగరాల్సింది పోయి, ఒక్కొక్కటే కిందికి దిగుతూ ఆరిపోతున్నాయి. పీల్చేస్తున్నారు. చివరి బల్ల నుంచి, ఒక్కో వరసా పీల్చుకుంటూ ముందుకి... ముందుకి... వేదిక దగ్గరికి...

"చాలు! ఆపవే!"

ఆమె కళ్లు మూసుకుని పాడుతూనే ఉంది. పెదాలు కదులుతున్నాయి. మెడ నరాలు ఉబ్బుతున్నాయి. పాట లేదు. స్పీకర్లలో లేదు. నోట్లోనూ లేదు.

"పిట్టా!"

అరిచాడు. తన అరుపు తనకే వినపడలేదు.

పరిగెత్తాడు. ఖాళీ బల్లల మధ్య దారి వెడల్పుగానే ఉన్నా భుజాలు దేనికో రాసుకుంటున్నాయి... మోకాళ్లు దేనికో తగులుతున్నాయి... వెచ్చగా, మెత్తగా, ఒత్తుగా. ఎవరో విసుక్కుంటూ అతన్ని పక్కకి నెట్టారు. పాటకి అడ్డం వచ్చాడని. దేవుడా, దేవుడా అనుకుంటూ, తోసుకుంటూ, చేతికందిన వైరు పట్టి లాగాడు. తూలి కౌంటరుకి గుద్దుకున్నాడు. గాజు గ్లాసు ఒకటి జారి కిందపడింది.

ఖణేల్!

ఆ చప్పుడు నాలుగు గోడలకీ కొట్టుకుని, తిరిగొచ్చి, మళ్లీ మోగింది. అన్న చప్పట కొట్టాడు. గది గింగురుమంది. ఖాళీ... నిజంగా ఖాళీ. ఏసీ చల్లగా తగిలింది. బీరు వాసన.

"పోయారు" అన్నాడు, ఏడుస్తూ నవ్వుతూ. "పోయారు పిట్టా!"

ఆమె కళ్లు తెరిచింది. తృప్తిగా నవ్వింది. అతనికేదో చెప్పబోయి నోరు తెరిచింది. మాట రాలేదు. గుసగుసైనా రాలేదు. ఊపిరి తీసే చప్పుడు కూడా... లేదు.

*

తలుపుకి తాళం వేసి, చెల్లెలి చెయ్యి పట్టుకుని ఎండలోకి తీసుకొచ్చాడు. వీధిలో హారన్లు, అమ్ముకునేవాళ్ల కేకలు, పిల్లల అల్లరి. ఆ గోలంతా విని పైవాడికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు. ఇంటికి వెళ్దాం. అమ్మ ఉంది. డాక్టరుకి ఫోన్ చేద్దాం. ఎలాగైనా పిట్ట గొంతు తిరిగొస్తుంది. నడుస్తున్నంతసేపూ ఆమెతో ఇదే చెప్పాడు. ఆమె నవ్వుతూ, మధ్యమధ్యలో వెనక్కి చూస్తూ నడిచింది. వెనకబడ్డవాళ్ల కోసం ఆగుతున్నట్టు ఆగుతూ.

భవనం గేటు దాటి మెట్లు ఎక్కడం మొదలుపెట్టారు. మొదటి మలుపు దాటాక అన్న ఆగిపోయాడు. ఏదో తేడాగా ఉంది. తన చెప్పుల చప్పుడు తనకే సరిగ్గా వినపడటం లేదు.

చెయ్యెత్తి చిటికె వేశాడు.

టప్.

చెల్లెల్ని రెక్క పట్టుకుని పైకి లాక్కుపోయాడు. వాళ్లు చేరేసరికే తలుపు బార్లా తీసి ఉంది. అమ్మ పక్కకి జరిగి నవ్వుతూ నిలబడింది. లోపల భోజనాల బల్ల మీద ఇంట్లో ఉన్న కంచాలన్నీ పరిచి ఉన్నాయి. బల్ల చాలక కింద నేల మీద కూడా. కంచాలు అయిపోయాక పళ్లాలు, మూతలు...

"తలుపు వెయ్యి! అమ్మా, ముందు తలుపు వెయ్యి!"

అమ్మ వెయ్యలేదు. వేలు పెదాల మీద పెట్టి, మెట్ల వైపు చెవి ఒగ్గింది.

"ఉండు నాన్నా, అలా మొహం మీద వేస్తే ఏం మర్యాద?" అంది. "పెద్దవాళ్లు కూడా ఉన్నట్టున్నారు... మెల్లిగా ఎక్కుతున్నారు."